నాలుగో గది గుడ్లు

3, సోమవారం

మా ఫారం పశువుల డాక్టర్ గారి పటం వచ్చింది. పోయిన ఏడాదంతా మేం కోళ్ల రెక్కల కింద సూది గుచ్చి తీసిన రక్తం, చుక్కా చుక్కా కలిసి, చివరికి కాగితం మీద గీతలుగా తేలింది. పన్నెండు నాటు జాతులు, పన్నెండు కొమ్మలు. పదకొండు కొమ్మలు గ్రూపు ఫొటోకి నిలబడ్డ బంధువుల్లా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఎవరికెవరు అక్కాచెల్లెళ్లో, ఎవరికెవరు మేనత్త పిల్లలో వేలు పెట్టి చెప్పెయ్యొచ్చు. మా బూడిద కోళ్లది మాత్రం కాగితం అంచున ఒంటరిగా పొడుగాటి గీత.

"చూశారా అమ్మా, వీటికి చుట్టాలే లేరు" అన్నారు డాక్టర్ గారు. సంతోషంగానే అన్నారు. ఇరవయ్యేళ్లుగా ఆయన అనుమానం అదే.

నాకు మాత్రం భయం వేసింది. చుట్టాలున్న జాతి పోతే ఆ చుట్టాల దగ్గర కాస్తో కూస్తో మిగులుతుంది. వీటివి ఇంకెక్కడా లేవు. మా ఫారంలో మూడో గది, నాలుగో గది. అంతే.

నాలుగో గదిలో శనివారం పుంజుని మార్చాను. రెండు నెలలుగా అక్కడ ఐదువేళ్ల జాతి పుంజు ఉండేది, డాక్టర్ గారి సంకరం ప్రయోగం కోసం. మహా రౌడీ. దాన్ని పట్టుకునేసరికి నా చెయ్యంతా గీరి పెట్టింది. దాని బదులు బూడిద పుంజుని వదిలాను. కుర్రది. పెట్టలు చూస్తేనే మూల నక్కుతోంది.

పుంజు మారాక మూడు వారాల పాటు ఆ గది గుడ్లు పొదగెయ్యకూడదు. పాత పుంజు వెళ్లిపోయినా దాని బీజం పెట్ట కడుపులో దాగే ఉంటుంది. అందుకని ఆ గుడ్లు మేమే పంచుకుని ఇంటికి తెచ్చుకుంటాం. ఈ మూడు వారాలూ మా వంటింట్లో గుడ్డు అట్లే అట్లు.

8, శనివారం

రోడ్డవతల పెద్ద ఫారంలో కోళ్లు చస్తున్నాయట. వాచ్‌మన్ చెప్పాడు. ఎండకి అయ్యుంటుంది.

9, ఆదివారం

ఎండకి కాదు.

11, మంగళవారం

గేటు దగ్గర మందు నీళ్ల తొట్టి పెట్టారు. అందులో కాళ్లు ముంచి లోపలికి వెళ్లాలి, ముంచి బయటికి రావాలి. తెల్ల బట్టలవాళ్లు వచ్చి మా కోళ్ల గొంతుల్లో పుల్లలు తిప్పి తీసుకెళ్లారు. డాక్టర్ గారు పొద్దుటి నుంచీ ఫోన్‌లోనే ఉన్నారు. "మావి వేరండీ, ఇవి వేరు" అని ఒకే మాట పదిమందికి చెప్పారు.

నాకు అన్నం సయించలేదు. చిట్టి నా కంచంలోకి తొంగి చూసి "అమ్మా, నువ్వు కూడా నాలాగా దొంగ కడుపునొప్పి పెట్టుకున్నావా?" అంది. ఏడేళ్ల దానికి ఎన్ని మాటలో.

13, గురువారం

మావాటికి జబ్బు లేదని రిపోర్ట్ వచ్చింది. అందరం ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. గంట తిరక్కుండా ఇంకో కాగితం వచ్చింది. పెద్ద ఫారం చుట్టూ గీసిన గీతలో మేమూ పడ్డాం. లోపల ఉన్నవి జబ్బువైనా మంచివైనా చంపాల్సిందేనట. శనివారం వస్తారట.

"ఇవి ఇంకెక్కడా లేవండీ" అని డాక్టర్ గారు ఫోన్‌లో అంటుంటే నేను పక్కనే ఉన్నాను. అవతలివాళ్లు ఏమన్నారో వినపడలేదు. ఆయన మాత్రం "అవునండీ, మనుషుల కంటే ఎక్కువ కాదండీ" అని పెట్టేశారు.

మూడో గది గుడ్లకి నంబర్లుంటాయి. అన్నీ పొదిగే యంత్రంలో ఉన్నాయి, యంత్రానికి సీలు వేశారు. నాలుగో గదివి ఎవరూ పట్టించుకోరు, అవి మా కూరగుడ్లు కదా. నిన్నటివీ ఇవాళ్టివీ కలిపి టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని తెచ్చాను. గేటు దగ్గర కాళ్లు ముంచుతుంటే క్యారియర్ నా చేతిలో టకటకా కొట్టుకుంది. వాచ్‌మన్ చూసి "చలి జ్వరమా అమ్మా?" అన్నాడు.

వండుకోవడానికే తెచ్చాను.

14, శుక్రవారం

వండలేదు. ఎవరికీ ఆకలి లేదు.

గుడ్లని మందు నీళ్లలో ముంచి తుడిచాను. తినే గుడ్లని అలా ముంచరని నాకు తెలుసు. సామాన్ల గదిలో అట్టపెట్టె ఒకటి ఖాళీగా ఉంది. బల్బు ఉంది. థర్మామీటరు ఎలాగూ ఉంది. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టాను.

మూడు వారాలంటారు గానీ రెండు వారాలైతే చాలు. కొత్త పుంజు వచ్చి దాదాపు రెండు వారాలైంది.

15, శనివారం

రాయను.

16, ఆదివారం

రాయకపోతే మాత్రం కళ్ల ముందు నుంచి పోతుందా. పట్టుకుని అందించే పని మాదే. తెలిసినవాళ్లయితే బెదరవని మమ్మల్నే పట్టమన్నారు. అవి నిజంగానే బెదరలేదు. నా చేతిలో మేతే ఉందనుకుని ఒక్కొక్కటీ మెడ చాపి నా దగ్గరికే వచ్చాయి. మూడో గది ముసలి పెట్ట ఎప్పట్లాగే నా గాజులు పొడిచింది. యంత్రంలో గుడ్లు కూడా గుంటలో పోశారు. కొన్నిట్లో పిల్లలు అరుస్తున్నాయి.

డాక్టర్ గారు గుంట దగ్గర నిలబడి పొడుగాటి గీత ఉన్న ఆ పటాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నారు. ఎందుకు తెచ్చారో, ఎవరికి చూపించాలనుకున్నారో.

ఇంటికొచ్చి ఒంటికి ఒకటికి నాలుగుసార్లు సబ్బు రుద్దుకున్నాను. తర్వాత సామాన్ల గదిలోకి వెళ్లి గుడ్లు తిప్పాను. రోజుకి మూడుసార్లు తిప్పాలి.

17, సోమవారం

బయటికి వెళ్లిన గుడ్లన్నీ తిరిగి ఇచ్చెయ్యాలట. డాక్టర్ గారు ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. నా వంతు వచ్చింది.

"నాలుగో గది గుడ్లు తీసుకెళ్లారా అమ్మా?"

"తీసుకెళ్లాను సార్. వండేసుకున్నాం."

ఆయన నా మొహంలోకి చూశారు. ఆ చూపు తట్టుకోలేక గోడ మీది గడియారం చూశాను. "మంచిది" అన్నారు. ఆ మంచిదిలో ఏముందో ఎంత ఆలోచించినా తేలడం లేదు.

19, బుధవారం

పది రోజులు దాటితే చాలు, అంతా కొత్త పుంజుదే అని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు రావడం లేదు. ఆ కుర్ర పుంజు ఆఖరి రోజుల్లో బాగానే తిరిగింది. మూల నక్కడం మొదటి రెండు రోజులే.

20, గురువారం

టార్చి పెట్టి చూశాను. గుడ్డులో ఎర్రటి నరాలు, మధ్యలో చుక్క. చుక్క కొట్టుకుంటోంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పొద్దంతా కింద టైలరింగ్ షాపులోనే ఉంటారు. సామాన్ల గదికి తాళం వేసి, పురుగుల మందు కొట్టానని చెప్పాను. చిట్టికి ఆయాసం ఉంది కాబట్టి ఆ మాటకి తిరుగులేదు. అబద్ధానికి కూడా పిల్ల జబ్బునే వాడుకున్నాను. నాలాంటి దాన్ని ఏమనాలి?

22, శనివారం

మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను బజార్లో ఉన్నాను. వీధిలో షాపుల బోర్డులన్నీ ఆరిపోవడం చూసి, కూరల సంచి బండి మీదే వదిలేసి పరిగెత్తాను. తాళం తీస్తే గదిలో చీకటి, పెట్టె చుట్టూ ఏదో లావుగా ఉంది. చెయ్యి పెట్టి చూస్తే మెత్తగా తగిలింది. దూది. కోట్ల లోపల కుట్టే దూది పట్టీలు, పెట్టె చుట్టూ రెండు వరసలు, పైన సూదితో టాకాలు. లోపల వేడి పోలేదు.

రెండో తాళంచెవి మా ఆయన దగ్గర ఉంటుందన్న సంగతే మర్చిపోయాను.

అన్నం దగ్గర "పెరుగు వెయ్యనా?" అన్నాను. "వెయ్యి" అన్నారు.

26, బుధవారం

చిట్టికి జ్వరం.

26, అదే రోజు సాయంత్రం

పిల్లల డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఊరంతా కోళ్ల జబ్బు గోలగా ఉంది కదా, "ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"లేవండీ" అన్నాను. గుడ్లు పక్షులు కావు.

నా మాట పూర్తి కాకముందే మా ఆయన అందుకున్నారు. "ఈవిడ పనిచేసేది కోళ్ల ఫారంలోనండీ. మొన్న అక్కడ అన్నిటినీ చంపించారు. ఈవిడ వాటిని చేత్తో పట్టుకుంది." డాక్టరమ్మ కలం ఆగింది. నా వంక చూసింది. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. పిల్ల గొంతులో పుల్ల తిప్పారు. మొన్న మా కోళ్లకి తిప్పినట్టే.

బయటికొచ్చాక ఆయన మొదటిసారి ఆ మాట ఎత్తారు. "ఆ గదిలోవి నువ్వు పారేస్తావా, నన్ను పారెయ్యమంటావా?"

"రిపోర్ట్ వచ్చేదాకా ఆగండి."

"వచ్చాక?"

చిట్టి నా భుజం మీద పడుకుని గురగురమంటూ ఊపిరి తీస్తోంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. మొదటి ఏడాదంతా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఉందో లేదో చూసుకున్నాను. అలాంటి పిల్ల పక్క గదిలో నేను పెట్టింది ఏమిటి? మావాటికి జబ్బు లేదని కాగితం ఉంది. ఉంది కదా. మావాటికి జబ్బు లేదు.

27, గురువారం

జ్వరం తగ్గలేదు. పొద్దున పెట్టె పట్టుకుని మెట్లు దిగి చెత్తకుండీ దాకా వెళ్లాను. దించాను. ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకున్నాను. ఇంకా చప్పుడు వచ్చే రోజు కాదు, నాకు తెలుసు. మళ్లీ ఎత్తుకుని వచ్చేశాను.

షాపు అద్దంలోంచి ఆయన చూస్తూనే ఉన్నారు. వెళ్లడం చూశారు, రావడం చూశారు.

28, శుక్రవారం

రిపోర్ట్ వచ్చింది. మామూలు జలుబేనట. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని ఏడ్చేశాను. ఆయన జేబు రుమాలు ఇచ్చి "నేనేం మర్చిపోలేదు" అన్నారు. కోపంగానే అన్నారు. రుమాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

31, సోమవారం

రోజూ గుడ్లు తిప్పడం, రోజూ భయపడడం. గేటు చప్పుడైతే చాలు, తెల్ల బట్టలవాళ్లే అనుకుంటున్నాను. ఇవాళ వచ్చింది గ్యాస్ బండివాడు. "ఏంటమ్మా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తారు?" అన్నాడు.

4, శుక్రవారం

పొద్దున్నే ఒకటి పెంకు పగలగొట్టింది. మధ్యాహ్నానికి మూడు. సాయంత్రానికి ఎనిమిది. తడిసి ముద్దయి, ఒకదాని మీద ఒకటి పడి, గదంతా కిచకిచ. మిగతావాటిలో కదలిక లేదు.

ఎంత బాగున్నాయో. మొదటిది ఆరగానే అరచేతిలోకి తీసుకున్నాను. బూడిద రంగు వెంట్రుకలు, ముక్కు మీద తెల్ల చుక్క. బూడిద పిల్లకి ఉండాల్సినవన్నీ ఉన్నాయి. వెల్లకిలా తిప్పి కాళ్లు చూశాను.

ఐదు వేళ్లు.

రెండోది. ఐదు. మూడోది. ఐదు. మామూలుగా కోడికి నాలుగే ఉంటాయి. ఐదుంటే అది ఆ రౌడీ పుంజు బిడ్డే.

పిల్లకి జబ్బు చేస్తుందేమోనన్న భయం మోశాను, ఉద్యోగం పోతుందన్న భయం మోశాను. డాక్టర్ గారి మొహం మీద అబద్ధం చెప్పాను. ఇదంతా మోసింది గుంటలో పోయిన వాటి కోసం కాదా? వీటిలో వాటి రక్తం సగమే. మూడు వారాలంటే మూడు వారాలే. ఫారంలో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజు నేనే చెబుతాను ఆ రూలు.

ఎనిమిదోది ఆఖరున ఆరింది. అన్నిటికంటే చిన్నది. దాని కాలు చూడడానికి భయపడి చాలాసేపు చూడలేదు.

నాలుగు.

5, శనివారం

నాలుగుంటే బూడిదే అని కాదు. ఐదో వేలు కొన్నిట్లో బయటికి కనపడకుండా లోపలే ఉండిపోతుంది. చూసి చెప్పలేం. రక్తం చెప్పాలి. రక్తం చదివేది డాక్టర్ గారు ఒక్కరే. ఆయనకి చెబితే జబ్బు గీత లోపలి నుంచి వచ్చిన పిల్లలని అందరికీ తెలుస్తుంది. చెప్పకపోతే అది ఏమిటో ఎప్పటికీ తెలియదు. ఏమిటో తెలియని కోడిని ఈ గదిలో తాళం వేసి ఎన్నాళ్లు పెంచుతాను? చిట్టి ఆయాసం పక్కనే?

చెప్పను. చెబుతాను. చెప్పను.

6, ఆదివారం

పొద్దున పది దాటింది. నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. చిట్టి చప్పుడు లేదు. ఏడేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో చప్పుడు లేదంటే మంచిది కాదు. దిగి వచ్చేసరికి సామాన్ల గది తలుపు బార్లా తీసి ఉంది. తాళంచెవి వాళ్ల నాన్న చొక్కా జేబులోంచి తీసిందట.

పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆ చిన్నది. పిల్లలన్నీ దాని గౌను మీదా, చేతుల మీదా. పై ప్రాణాలు పైనే పోయాయి. "దించెయ్! దించెయ్! ముక్కు మూసుకో!" అని అరిచాను. నేనంత గట్టిగా అరవడం అది ఎప్పుడూ వినలేదు. బిత్తరపోయి, చేతిలోదాన్ని ఇంకా గట్టిగా గుండెకి హత్తుకుంది.

"దీనికి ఒక వేలు లేదమ్మా. ఊడిపోయింది. అన్నిటికీ ఐదున్నాయి, పాపం దీనికొక్కదానికే లేదు."

చూశాను. కోడిపిల్ల రెండు కాళ్లకీ అగ్గిపుల్ల ముక్కలు కట్టి ఉన్నాయి. వాళ్ల నాన్న షాపులోంచి తెచ్చిన తెల్ల దారంతో, చిన్న చిన్న ముళ్లు వేసి, ఎంత ఓపిగ్గా కట్టిందో. అది నిలబడబోయి పక్కకి ఒరిగింది.

"ఇప్పుడు అన్నీ ఒకటే. ఇంక దీన్ని ఎవరూ వెక్కిరించరు" అంది.

దాని ఊపిరి మామూలుగానే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, చంటిపిల్లప్పుడు చూసినట్టే. తర్వాత ఆ పిల్లనీ ఈ పిల్లనీ ఇద్దరినీ పట్టుకుని నేల మీదే కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. చిట్టి తను తిట్లు తింటున్నానో లేదో తేల్చుకోలేక "సరిగ్గా కట్టలేదా అమ్మా?" అంది.

చిట్టి చేతులు సబ్బుతో కడిగి కిందకి పంపాను. ఫోన్ చేశాను.

"సార్, నాలుగో గది గుడ్లు మేం వండుకోలేదు."

గడియారం చప్పుడు వినపడింది, ఆయన గదిలోదో మా ఇంట్లోదో.

"వేళ్లెన్ని?" అన్నారు.

"ఏడింటికి ఐదు సార్. ఒకదానికి నాలుగు." కట్టు విప్పడం ఇంకా కాలేదు. "ఐదోది అగ్గిపుల్ల" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"వస్తున్నాను."

6, అదే రోజు

ఒక్కరే వచ్చారు. కాళ్లకి సంచులు కట్టుకుని, చేతులకి తొడుగులు వేసుకుని సామాన్ల గదిలో నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. ఎనిమిదింటి కాళ్లూ తనే లెక్కపెట్టారు. చిన్నదాని రెక్క కింద నుంచి ఒక్క చుక్క తీశారు. తర్వాత మిగతా ఏడింటివీ తీశారు. అన్నిటి గొంతుల్లోనూ పుల్ల తిప్పారు. అప్పుడు నాతో మాట్లాడారు.

"ఇప్పుడు ఆఫీసుకి ఫోన్ చేస్తాను. దాచలేను. మీరు చేసింది తప్పు, చాలా పెద్ద తప్పు. ఇంట్లో పసిపిల్లని పెట్టుకుని చేశారు."

"తెలుసు సార్. వీటిని చంపేస్తారా?"

"తెలియదమ్మా."

"మరి రక్తం ముందే ఎందుకు తీశారు?"

గొట్టం మూత బిగించి, దాని మీద తేదీ రాశారు. "మొన్న చంపినవేమిటో నాకు తెలుసు. ఇది కూడా పోతే, పోయిందేమిటో తెలియాలి కదా" అన్నారు. గుంట దగ్గర తడవని ఆయన కళ్లు ఇప్పుడు తడిశాయి.

డాక్టర్ గారు వెళ్తుంటే మా ఆయన గుమ్మం దగ్గర కనపడ్డారు. తప్పుకుని దారి ఇచ్చారు. పిల్లలున్న పెట్టె మీద కప్పమని ఒక బట్ట ఇచ్చారు. అంచులు కుట్టి, గాలికి కన్నాలు పెట్టి ఉంది.

9, బుధవారం

ఉద్యోగంలోకి రావద్దన్నారు. విచారణ అయ్యేదాకా.

10, గురువారం

కోడిపిల్లలు పశువుల ఆస్పత్రి సీలు గదిలో ఉన్నాయి. బతికే ఉన్నాయట. ఫోన్ మోగినప్పుడల్లా చిట్టే ముందు పరిగెడుతోంది.

12, శనివారం

గొంతు పరీక్షల్లో జబ్బు లేదు. చంపకుండా గదిలోనే ఉంచుతారట, రక్తం సంగతి తేలేదాకా. చిట్టికి కూడా మళ్లీ పరీక్ష చేయించాం. ఏమీ లేదు. మా ఆయన ఇవాళ నాతో రెండు మాటలు మాట్లాడారు. రెండూ కూర గురించే.

15, మంగళవారం

డాక్టర్ గారు ఫోన్ చెయ్యలేదు. ఇంటికే వచ్చారు. చంకలో కాగితం చుట్ట. భోజనాల బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టారు. పాత పటమే. అంచున అదే పొడుగాటి గీత. దాని చివర పెన్సిలుతో ఒక చుక్క.

"బూడిదే అమ్మా. పెట్ట."

ఆయనే చెప్పుకుపోయారు. ఒక్క పెట్టతో జాతి నిలవదు. కానీ ఆ ఏడింటిలో మూడు పుంజులున్నాయి. వాటిలో సగం బూడిద రక్తం. ముందు దీనికీ వాటికీ జత కట్టి, తర్వాత వాటి పిల్లల్లో ఏరి, వాటి పిల్లల్లో మళ్లీ ఏరి, అలా చాలా ఏళ్లు. పూర్తిగా పాతది రాదు. దగ్గరికి వస్తుంది. "అన్నాళ్లు నేనుండను, మీరు చూడాలి" అన్నారు. ఉద్యోగం లేనిదాన్ని ఏం చూస్తానని అడిగాను. విచారణలో తను చెప్పాల్సింది చెబుతానన్నారు.

చిట్టి పటం మీదకి వంగి ఆ చుక్క మీద వేలు పెట్టింది. "ఇది వేలు లేనిదా అంకుల్? బాగుచేశారా?"

"అది మొదటి నుంచీ బాగానే ఉందమ్మా. వాటికే ఒకటి ఎక్కువ."

చిట్టికి నచ్చలేదు ఆ జవాబు. దాని లెక్కలో ఏడు ఒకలా ఉంటే ఎనిమిదోదే కదా వేరు.

ఆయన వెళ్లాక గ్లాసులు తీసి కడిగాను. సంతోషంగా ఉందో లేదో చెప్పలేను. భయం పోలేదు, అది మాత్రం నిజం. ఇప్పుడు ఆ ఒక్కదానికి జలుబు చేస్తుందేమోనని, గదిలో ఎవరైనా తలుపు సరిగ్గా వెయ్యకుండా వెళ్తారేమోనని, నీళ్ల గిన్నెలో పడుతుందేమోనని భయం. రేపు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్తాను. లోపలికి రానివ్వరు. అద్దంలోంచి చూడనిస్తారట, ఊపిరి తీస్తోందో లేదో చూసి వస్తాను.